ఎర్ర స్టూలు

ఎర్ర స్టూలు మీద కూర్చోకూడదని ఆ నాటకశాలలో అందరికీ తెలుసు. తెలిసీ కూర్చునేవాళ్లు. టీ తాగడానికీ, చెప్పు పట్టీ బిగించుకోవడానికీ, కాసేపు ఊపిరి పీల్చుకోవడానికీ దాని ఎత్తు అచ్చంగా సరిపోయేది. అసలు దాని పని వేరు.

వేదిక నడుమ నేలలో ఒక తలుపు ఉంది. దయ్యాలు పైకి రావాలన్నా, దొంగలు మాయం కావాలన్నా అదే దారి. ఆ తలుపు కిందికి తెరుచుకుంటుంది. కింద ఏడడుగుల లోతున సిమెంటు గది, అందులో పాత తెరలూ ఒక నిచ్చెనా. వేదిక పక్క మెట్ల మీదుగా అందులోకి దిగాలి. తలుపుని బిగించే ఇనప గడియ కింది వైపే ఉంటుంది. గడియ తీసేస్తే ఒక చిన్న స్ప్రింగు మాత్రం తలుపుని పడిపోకుండా పట్టుకుంటుంది. అది తలుపు బరువు మోస్తుంది గానీ మనిషి బరువు మోయదు. గడియ వేసి ఉందో లేదో పైనుంచి చూస్తే బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. అందుకే వడ్రంగి ఒక పద్ధతి పెట్టాడు. గడియ తీసే మనిషి ఎవరైనా సరే, ముందు ఎర్ర స్టూలు తెచ్చి తలుపు అంచున పెట్టాలి. మళ్లీ గడియ వేశాకే దాన్ని గోడ వారకి చేర్చాలి. వేదిక మధ్యలో ఎర్ర స్టూలు కనిపించిందంటే అటు కాలు పెట్టకూడదు. పందొమ్మిదేళ్లుగా ఆ పద్ధతి నడుస్తోంది.

సోమవారం మధ్యాహ్నం ఆ స్టూలు మీద పెట్టెలత్త కూర్చుని ఉంది.

పెట్టెలత్త అంటే నాటకాల సామాను చూసుకునే మనిషి. పదహారు రేకు పెట్టెలు ఆవిడ చేతిలో ఉన్నాయి. మూడో పెట్టెలో కత్తులు, ఏడో పెట్టెలో కిరీటాలు, పదకొండో పెట్టెలో కళ్లద్దాలూ ఉత్తరాలూ. ఆ పేరు వేసవి శిబిరానికి వచ్చే పిల్లలు పెట్టింది. పెద్దవాళ్లూ దాన్నే పట్టుకున్నారు. ఇరవై రెండేళ్లుగా ఒకళ్లకి కత్తి, ఇంకొకళ్లకి గొడుగు అందించడమే గానీ, తెర తీశాక వేదిక మీద ఒక్క మాట పలికిన పాపాన పోలేదు ఆవిడ. పలకాలని లేక కాదు. ప్రతి నాటకంలో ప్రతి పాత్రా ఆవిడకి కంఠతా వచ్చు, పప్పు రుబ్బుతూ కూడా అవే అప్పజెప్పుకునేది.

ఆ ఉదయం శిబిరంలో ఎప్పటిలాగే 'చూసింది చూపడం' జరిగింది. అది డైరెక్టర్ కనిపెట్టిన ఆట. తాము కళ్లారా చూసింది ఏదైనా సరే పిల్లలు వేదిక మీద చేసి చూపాలి. చివర్లో డైరెక్టర్ "ఎవరైనా అలా కాదంటారా?" అని అడుగుతాడు. అసలు సంగతి చూసినవాళ్లు ఎవరైనా "అలా కాదు" అనొచ్చు. కానీ అన్నాక ఊరుకోకూడదు, పైకి వచ్చి ఎలాగో చేసి చూపాలి. "నోటితో తప్పు పట్టడం ఎవడైనా చేస్తాడు. ఒంటితో దిద్దండి," అనేవాడు ఆయన.

ఆ రోజు పదకొండేళ్ల పిల్ల ఒకతి పెట్టెలత్తని చేసి చూపింది. పెట్టె మూత ఎత్తి, అందులో తల దూర్చి, నెత్తి మీదున్న కళ్లద్దాల కోసం పదహారు పెట్టెలూ వెతికింది. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పిల్ల చెల్లెలు, తొమ్మిదేళ్లది, ఎక్కడా కుదురుగా ఉండదని అందరూ పిచ్చుక అంటారు, ఒక్క గెంతున పైకి ఎక్కేసింది.

"అలా కాదు! అత్త ముందు ముక్కు తుడుచుకుంటుంది. తర్వాతే వెతుకుతుంది."

అని ముక్కు తుడుచుకుని మరీ చూపింది. పెట్టెలత్త తెర పక్క నుంచి చూసి, "ఓసి మీ ఇల్లు బంగారం కానూ, నన్ను ఇంత కనిపెట్టి చూస్తున్నారుటే!" అని నవ్వుకుంది.

భోజనాల వేళ హాలు ఖాళీ అయింది. వడ్రంగి ప్లైవుడ్ కోసం కలప అడితికి వెళ్లాడు. పెట్టెలత్త తెర పక్కన ఎర్ర స్టూలు లాక్కుని, పిల్లల నాటకానికి అట్ట కిరీటాలు అంటిస్తోంది. ఇరవై నాలుగు కిరీటాలు. అప్పటికి పందొమ్మిది అయ్యాయి.

నేల తలుపు కిందికి వాలింది. అందులోంచి డైరెక్టర్ తల, భుజాలు పైకి వచ్చాయి. ఈ సీజన్‌లో పెద్దవాళ్లు వేసే ఐదు నాటకాల్లో మూడోదానికి ఆయనే కథానాయకుడు. సమాధిలోంచి లేచి వచ్చే ఘట్టం ఉంది. ఒక మాట రెండు రకాలుగా పలికి చూసుకున్నాడు. తృప్తి కలగలేదు కాబోలు, మూడోసారి గొంతు తగ్గించి పలికాడు. అది బాగుంది. పెట్టెలత్త కూడా బాగుందనుకుంది. తల లోపలికి పోయింది, తలుపు పైకి లేచింది, స్ప్రింగు క్లిక్కుమంది. ఆ తర్వాత గడియ ఠక్కుమనాలి. అంతలో కింద ఫోను మోగింది. డైరెక్టర్ మాట్లాడుకుంటూ మెట్ల మీదుగా బయటికి వెళ్లిపోవడం వినిపించింది.

గడియ చప్పుడు రాలేదు.

రాలేదని పెట్టెలత్తకి తెలుసు. అంత ఖాళీ హాల్లో ఆ చప్పుడు వినపడకపోవడమంటూ ఉండదు. స్టూలు తీసుకెళ్లి అక్కడ పెట్టాలనుకుంది. ఒక చేతిలో కిరీటం, రెండో చేతికి జిగురు. ఈ ఒక్కటీ అంటించి లేద్దాం, లేకపోతే ఆరిపోతుంది అనుకుంది. ఆ ఒక్కటీ అంటించాక ఇంకొకటి తీసుకుంది. మనిషి చెయ్యి అంత పాడుది, పనిలో పడితే చెవి విన్నది మరిచిపోతుంది.

పిల్లలు బిలబిలమంటూ వచ్చిపడ్డారు, వెనకే డైరెక్టర్ కూడా. కుందేళ్ల గెంతులు సాధన చేయాలి. ఎప్పటిలాగే పిచ్చుకదే ముందు. "నేనే ఫస్టు!" అంటూ పరుగెత్తుకొచ్చి వేదిక నడుమ రెండు కాళ్ల మీదా దూకింది.

తలుపు తెరుచుకున్న చప్పుడు పెద్దదేం కాదు. పిచ్చుక అరవనైనా అరవలేదు. కింద పడిన చప్పుడు మాత్రం పెట్టెలత్త ఒంట్లోకి దిగిపోయింది. చేతిలో ఇరవై రెండో కిరీటం అలాగే ఉంది.

అందరికంటే ముందు కిందికి ఉరికింది డైరెక్టరే. పిల్లని రెండు చేతుల మీదా ఎత్తుకుని పైకి తెచ్చాడు. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "గడియ ఎవరు తీశారు? ఎవడు తీశాడు ఆ గడియ?" అని హాలు అదిరేలా అరిచాడు. అది నటన కాదని పెట్టెలత్తకి అర్థమైంది. ఆయన నిజంగానే మరిచిపోయాడు. ఎప్పుడు గుర్తొచ్చిందో కూడా ఆవిడ చూసింది. అరుపు మధ్యలో ఆయన గొంతు ఒక్కసారి తడబడింది. తర్వాత వచ్చిన మాట వేరు.

"ఇవాళ సోమవారం కదా. వడ్రంగి గడియకి నూనె పెట్టే రోజు."

*

తొడ ఎముక రెండు ముక్కలైంది. లోపల రాడ్డు వేశారు. కాలు పొట్టి కావచ్చు, ఇప్పుడే చెప్పలేం అన్నారు డాక్టర్లు.

మంగళవారం నాటకశాల సెక్రటరీ గదిలో సమావేశం పెట్టారు. వడ్రంగి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. పెట్టెలత్త గోడకి ఆనుకుని కుక్కిన పేనులా ఉంది.

"నూనె పెట్టావా, లేదా?" అన్నాడు సెక్రటరీ.

"పెట్టానండి. పొద్దున్నే."

"పెట్టాలంటే గడియ తీయాలి కదా."

"తీశానండి. మళ్లీ వేశానండి."

"వేసినట్టు గుర్తుందా?"

వడ్రంగి టోపీ అంచు తిప్పాడు. ప్రతి సోమవారం చేసే పని. పందొమ్మిదేళ్ల సోమవారాల్లో ఏ సోమవారం గుర్తుంటుంది? "వేసే ఉంటానండి," అన్నాడు. ఆ 'ఉంటాను' చాలింది వాళ్లకి.

"మనం మనం ఒక కుటుంబం," అన్నాడు డైరెక్టర్, కిటికీ వైపు చూస్తూ. "ఆయన్ని ఎవరూ నిందించొద్దు. వయసు మీద పడింది. ఎవరికైనా జరుగుతుంది."

నిందించొద్దంటూనే ముద్ర వేయడం అంటే అదే. పెట్టెలత్తకి ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? గడియ సంగతి చెబితే, 'మరి నువ్వెక్కడున్నావు? స్టూలెక్కడుంది?' అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. స్టూలు ఆవిడ కిందే ఉంది.

పిచ్చుక తండ్రి ఒక షరతు పెట్టాడట. తప్పు చేసినవాడు శనివారం, శిబిరం ముగింపు రోజున, తల్లిదండ్రులందరి ముందూ ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఫిర్యాదు ఇవ్వడు. ఫిర్యాదు వెళ్తే హాలు మూసేస్తారు, సీజన్ మొత్తం పోతుంది. సెక్రటరీ కాగితం రాసి పెట్టాడు. వడ్రంగి చదవడమే తరువాయి.

బుధవారం డైరెక్టర్ స్వయంగా సామాన్ల గదికి వచ్చాడు. చేతిలో మూడో నాటకం ప్రతి.

"ముసలి తల్లి పాత్ర నువ్వు వేయాలమ్మా. నాలుగు దృశ్యాలు. ఇన్నాళ్లు ఎందుకు తట్టలేదో నాకు. నీ ముఖంలో ఆ తల్లి ఉంది."

పెట్టెలత్త చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని అందుకుంది. ఇరవై రెండేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది. వచ్చిన రోజు చూడండి ఎలాంటిదో.

గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అన్నాడాయన: "ఆ రోజు నువ్వు కిరీటాలు అంటిస్తున్నావు కదూ. పాపం, తల ఎత్తే తీరికే ఉండి ఉండదు."

"ఉండదండీ," అంది పెట్టెలత్త.

అని, తన గొంతు తనే విని అసహ్యించుకుంది.

ఇంటికి వెళ్తే భర్త టేబులు మీద గడియారం విప్పుకుని కూర్చున్నాడు. గడియారాలు బాగు చేసే మనిషి, మాట పొదుపు. పాత్ర దొరికిన విషయం విని కంటి భూతద్దం తీసేశాడు. లేచి వచ్చి ఆవిడ తల మీద చెయ్యి వేశాడు. ఆ రాత్రి భోజనం కాగానే ఎదుటి పాత్రల మాటలు తనే చదివాడు, వాతావరణ వార్తలు చదివినట్టు, ఏ ఎత్తుపల్లాలూ లేకుండా. పెట్టెలత్త ఒక్క మాటా తప్పకుండా చెప్పింది.

"ఇంత బాగా వచ్చు నీకు. ఇన్నేళ్లు ఎందుకివ్వలేదో!" అన్నాడు ఆయన, అమాయకంగా.

"ఏమో," అని లేచి గిన్నెలు కడగడానికి వెళ్లింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

*

గురువారం వడ్రంగి ఇంటికి వెళ్లింది. ఆయన ఉలులు, రంపాలు, చిత్రికలు వరసగా నేల మీద పరిచి, ఒక్కోదానికి నూనె రాసి గుడ్డలో చుడుతున్నాడు.

"ఏంటన్నయ్యా ఇది?"

"మేనల్లుడికి ఇచ్చేస్తున్నా చెల్లెమ్మా. వాడి చేతికి మతి ఉంది. నా చేతికి పోయింది."

ఆవిడ పీట మీద కూర్చుంది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, వీధి తలుపు గడియ చూసి వచ్చాడు. కాసేపటికి మళ్లీ లేచి చూశాడు. మూడోసారి లేవబోతుంటే లోపల్నుంచి ఆయన భార్య వచ్చి, "వేసే ఉందండీ, నేను చూశాను," అంది. పెట్టెలత్త వైపు తిరిగి, "సోమవారం నుంచి ఇదే వరస. నిద్ర లేదు, తిండి లేదు," అంది.

"ఎంత ఆలోచించినా ఆ రోజు గడియ వేసింది గుర్తు రావట్లేదు చెల్లెమ్మా. నూనె డబ్బా గుర్తుంది. గుడ్డ గుర్తుంది. గడియ గుర్తు లేదు. వేయలేదు కాబోలు. ఆసుపత్రికి వెళ్లా. ఆ పిల్ల నన్ను చూసి, 'మామయ్యా, నేను స్టూలు కోసం చూశా, లేదు, అందుకే దూకా' అంది. నన్నేం తిట్టలేదు. అంత పిల్ల పద్ధతి పాటించింది. పెట్టినవాణ్ని నేను తప్పాను."

చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఒక గొంతు పోరింది. పెట్టెలత్త మింగలేక కక్కలేక కూర్చుంది. సోమవారం పొద్దున్న నూనె పెట్టాక గడియ ఠక్కున పడటం తను విన్నది. పెట్టెలు తుడుస్తూ విన్నది. ఒక్క ముక్క చెబితే ఈయన ఈ రాత్రి నిద్రపోతాడు. ఆ ముక్క చెబితే రెండోదీ చెప్పాలి, మూడోదీ చెప్పాలి. చివరి ముక్క స్టూలు.

"భోంచేయి అన్నయ్యా," అని లేచి వచ్చేసింది. దారి పొడుగునా తనని తానే తిట్టుకుంది. ఇల్లు చేరాక పాత్ర చదువుకుంది.

*

శనివారం హాలు నిండింది. ముందు వరసలో పిచ్చుక తండ్రి, గడ్డం గీసుకోని ముఖంతో. ఆయన పక్కన సెక్రటరీ. వెనక తలుపు దగ్గర వడ్రంగి, చేతిలో మడత పెట్టిన కాగితం. పిల్లల ఆట, పిల్లల నాటకం, ఆ తర్వాత కాగితం. అదీ వరస.

"మా శిబిరంలో రోజూ ఆడే ఆట ఇది," అన్నాడు డైరెక్టర్ నవ్వు తెచ్చుకుని. "ఇవాళ ఏం చూపిస్తారు పిల్లలూ?"

పిచ్చుక అక్క ముందుకు వచ్చింది. అమ్మ ఆసుపత్రిలో, నాన్న పనిలో ఉండటంతో వారమంతా శిబిరానికే వచ్చింది ఆ పిల్ల.

"సోమవారం," అంది.

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. "వద్దమ్మా, అది..." అన్నాడు డైరెక్టర్.

"చేయనివ్వండి," అన్నాడు తండ్రి.

ఒక కుర్రాడు చెవి వెనక పెన్సిల్ పెట్టుకుని వడ్రంగి అయ్యాడు. కిందికి దిగినట్టు వంగాడు, గడియ లాగాడు, నూనె పోశాడు. ఆవలించాడు. తల గోక్కుని, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఎవరో కిసుక్కుమన్నారు. వెనక నిలబడిన వడ్రంగి తల ఊపాడు, అవును, అలాగే అయి ఉంటుందన్నట్టు.

పిచ్చుక అక్క ఎర్ర స్టూలు తెచ్చుకుంది. పదకొండో పెట్టెలోంచి తీసుకున్న కళ్లద్దాలు పెట్టుకుంది. ముక్కు తుడుచుకుంది. నేల తలుపుకి వీపు పెట్టి కూర్చుని కిరీటం అంటించసాగింది. అంచు మీద వేలు పెట్టి నొక్కే తీరు, ఊదే తీరు, అచ్చం పెట్టెలత్తే. ఒక చిన్న పిల్ల గెంతుకుంటూ వచ్చి దూకి, పడిపోయింది. స్టూలు మీది పెట్టెలత్త కిరీటం విసిరేసి, పరుగెత్తి, ఆ పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

"నేను చూడలేదే తల్లీ! చూసుంటే నిన్ను పడనిచ్చేదాన్నా?"

అది ఆట కోసం అన్న మాట కాదు. ఆ పిల్ల వారమంతా నమ్ముకున్న మాట. హాల్లో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. డైరెక్టర్ గట్టిగా ఊపిరి వదిలి, ఆట ముగించే తొందరలో, నెల్లాళ్ల అలవాటు కొద్దీ అనేశాడు:

"ఎవరైనా అలా కాదంటారా?"

"అలా కాదు."

ఎవరన్నారో మొదట ఎవరికీ తెలియలేదు. పెట్టెలత్తకి కూడా కాసేపు తెలియలేదు. తెర పక్క నుంచి బయటికి వచ్చేసరికి దీపాల వెలుగు కళ్లలో పడింది. ఎదుటి ముఖాలు కనిపించలేదు. అదొక్కటే కాస్త మేలైంది.

పిచ్చుక అక్క దిగ్గున లేచి చోటిచ్చింది. పెట్టెలత్త ఎర్ర స్టూలుని నేల తలుపు వైపు తిప్పి, కూర్చుంది.

"నేను ఇలా కూర్చున్నాను. ఇటు తిరిగి."

"అమ్మా, నువ్వు బాగా అలిసిపోయావు," అన్నాడు డైరెక్టర్, చాలా మెత్తగా. "తర్వాత మాట్లాడుకుందాం."

"తలుపు తెరుచుకుంది. డైరెక్టర్ గారు పైకి వచ్చారు, ఇదిగో ఇంతవరకూ. తన మాట మూడుసార్లు చెప్పుకున్నారు. మళ్లీ దిగారు. స్ప్రింగు చప్పుడు విన్నాను. ఫోను మోగింది. గడియ చప్పుడు వినలేదు." ఇరవై రెండేళ్లుగా దాచుకున్న గొంతు అది. "స్టూలు తలుపు దగ్గర పెట్టాలి. నా కిందే ఉంది. జిగురు ఆరిపోతుందని లేవలేదు. పిల్ల పడేదాకా లేవలేదు. పడ్డాక అయిదు రోజులు నోరు కూడా తెరవలేదు."

పిచ్చుక అక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"నువ్వు చూశావా అత్తా?"

"చూశానమ్మా. నువ్వు నన్ను మంచిదానిలా చూపించావు. నేనలా లేను."

ఆ పిల్ల కళ్లద్దాలు తీసింది. ఆవిడ చేతిలో పెట్టలేదు. నేల మీద పెట్టి, మెట్లు దిగి తండ్రి దగ్గరికి వెళ్లిపోయింది. పెట్టెలత్త తల వంచుకుంది. ఆ పిల్ల ఇక ఎన్నడూ తనలా నటించి నవ్వించదని తెలిసింది.

"నేను గడియ వేశానా?" వెనక నుంచి వడ్రంగి గొంతు. డైరెక్టర్ని గాని సెక్రటరీని గాని ఆయన చూడటం లేదు. "పొద్దున. నూనె పెట్టాక. వేశానా చెల్లెమ్మా?"

"వేశావన్నయ్యా. చప్పుడు నేను విన్నాను."

పిచ్చుక తండ్రి లేచి నిలబడ్డాడు. దవడ బిగుసుకుని ఉంది. "చప్పుడు, చప్పుడు అంటున్నారు. ఇక్కడికి వినపడుతుందా అది?"

డైరెక్టర్ నేల చూపులు చూస్తున్నాడు. సెక్రటరీ ఏదో అనబోయి, తండ్రి ముఖం చూసి ఆగిపోయాడు. వడ్రంగి కాగితం కుర్చీ మీద పెట్టి, నడవా వెంట ముందుకు వచ్చాడు.

"ఆ స్టూలు అంచున పెట్టు చెల్లెమ్మా," అన్నాడు.

పెట్టెలత్త లేచి ఎర్ర స్టూలుని నేల తలుపు అంచున పెట్టింది. వడ్రంగి పక్క మెట్ల మీదుగా కిందికి దిగాడు. తలుపు కిందికి వాలింది, మళ్లీ పైకి లేచింది. క్లిక్కుమంది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత, చివరి వరస దాకా, ఠక్కుమంది.

తండ్రి డైరెక్టర్ వైపు తిరిగాడు.

పెట్టెలత్త స్టూలు తీసి గోడ వారకి చేర్చింది. కాళ్లు పీకుతున్నాయి. దాని మీద కూర్చోలేదు.